గంపను కాస్త పక్కకి తిప్పారు

పోయిన డిసెంబరులో ప్రపంచంలో అడవులు పెరిగాయి. కాస్తో కూస్తో కాదు, మా జపాన్‌లోని క్యూషూ దీవంత పెరిగాయి. టీవీలో చెప్పారు, పేపర్లో మొదటి పేజీలో వేశారు, మా ఆఫీసులో కేకు కోశారు. అంత అడవి పెరగడానికి కావలసి వచ్చినవి ఒక ముసలమ్మ, నలుగురు మగవాళ్ళు, ఒక పానా. మొక్క ఒక్కటి కూడా నాటక్కర్లేకపోయింది.

నా పేరు ఎబిహారా చిజురు. ఉత్సునొమియా ఊరి చివర, పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టని ఓ చిన్న ఉపగ్రహ కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఉపగ్రహం అనగానే మీరేదో ఊహించేసుకోకండి. నాది ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద ముద్ర వేయించుకునే ఉద్యోగం. మా కేంద్రంలో డాక్టరేట్లు ఉన్నవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. రబ్బరు బూట్లు ఉన్నది మాత్రం నాకొక్కదానికే.

మా పని అడవుల మీద కన్నేసి ఉంచడం. ఉపగ్రహం పైనుంచి కిందికి ఓ కేక వేస్తుంది. కింద ఏముంటే అది ఆ కేకకి బదులు పలుకుతుంది. చెట్లు దట్టంగా ఉంటే గట్టిగా పలుకుతుంది, బోడి నేలయితే నీరసంగా పలుకుతుంది. మబ్బు పట్టినా, వాన కురిసినా దీనికి లెక్కలేదు. కెమెరాలు మబ్బుల్ని చూసి చేతులెత్తేసే చోట కూడా ఈ కేక, అదే రేడార్, పని చేస్తుంది. ఆ బదులును బట్టి మేం మ్యాపు వేస్తాం. అడవి ఉన్నచోట ఆకుపచ్చ, లేనిచోట పసుపు. పోయిన నెల పచ్చగా ఉన్న చోటు ఈ నెల పసుపైతే, ఆ చుట్టుపక్కల అడవిని కాచుకునేవాళ్ళ ఫోనుకి హెచ్చరిక వెళ్తుంది.

అయితే ఉపగ్రహానికి చెవి సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలియాలి? దానికోసం నేలమీద ఓ వస్తువు పెడతాం. మూడు అల్యూమినియం రేకుల్ని ఒక మూలకి కలిపి, నోరు ఆకాశంలోకి, పడమటి పక్కకి పెట్టి బిగిస్తాం. మనిషి లోపల కూర్చోగలిగేంత ఉంటుంది. ఇది పలికే బదులు ఎంత ఉండాలో ముందే తెలుసు కాబట్టి, దీన్ని పెట్టి మిగతా లోకాన్నంతా కొలుస్తాం. దానికి ఆఫీసులో పెద్ద పేరే ఉంది. అది ఉన్న ఊళ్ళో మాత్రం రేకుల గంప అంటారు. నేనూ అదే అంటాను.

ఒకప్పుడు మాకు ఆరు గంపలుండేవి. ఒకటి తుఫానుకి ఎగిరిపోయింది. రెండింటిని తీసేసి అక్కడ పార్కింగు కట్టుకున్నారు. రెండు ‘పొదుపు’ పేరు చెప్పి ఎత్తేశారు. మిగిలిన ఒక్కటీ కొండల్లో ఒసావా అనే ఊళ్ళో, సాగు మానేసిన ఓ వరిమడిలో ఉంది. నెలనెలా నేను ఆఫీసు బండిలో వెళ్ళి దాన్ని తుడిచి, పిట్టగూళ్ళు తీసి, చుట్టూ గడ్డి కోసి వచ్చేదాన్ని. రెండేళ్ళ క్రితం మా సెక్షన్ చీఫ్ అకుత్సు గారు నన్ను పిలిచి, ఎంతో మెత్తగా చెప్పారు.

“ఎబిహారా గారూ, గంప లోహం కదండీ. ఎక్కడికి పోతుంది?”

“ఎక్కడికీ పోదు గానీ సార్, గడ్డి మొలుస్తుంది.”

“గడ్డి కోయడానికి ఊళ్ళో మనుషులున్నారు కదండీ.”

దాంతో నా నెలవారీ ప్రయాణం రద్దయింది. ఊరి పెద్ద నెగిషి గారు నెలకోసారి ఫారం నింపి, ఫోటో జతచేసి ఫ్యాక్స్ చెయ్యాలి. ఫారంలో ఏడు ప్రశ్నలు. శుభ్రంగా ఉందా? తుప్పుందా? సొట్టలున్నాయా? పిట్టలు గూడు కట్టాయా? గడ్డి కోశారా? బోల్టులు బిగుతుగా ఉన్నాయా? నీళ్ళు నిలిచాయా? ఆ ఫారం రాసింది నేనే. అది ఏ దిక్కుకి తిరిగి ఉంది అని అడగాలని నాకు తట్టలేదు. కాంక్రీటులో దిగేసిన గంప ఏ దిక్కుకి ఉందని అడిగితే నన్ను చూసి నవ్వరూ?

సెప్టెంబరు నుంచి ఒసావా ఫోటోలు చూడముచ్చటగా రాసాగాయి. రేకులు అద్దంలా తోమారు. గడ్డిని కత్తెరతో కత్తిరించినట్టు కోశారు. పక్కనే చిన్న గాజు సీసాలో చామంతులు కూడా పెట్టారు. ఏడు ప్రశ్నలకీ ‘బాగుంది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి నెగిషి గారు ముద్ర వేసేవారు. నాకెంత ముచ్చటేసిందంటే, మెచ్చుకుంటూ ఉత్తరం రాసి, ఓ డబ్బా బియ్యపు బిస్కెట్లు పంపాను. ఫోటోని ఆఫీసు ఫ్రిజ్ మీద అతికించాను కూడా.

అక్టోబరులో గంప పలికే బదులు పదిలో రెండు వంతులు పడిపోయింది. మీటింగు పెట్టారు. అకుత్సు గారు ఫ్యాక్స్ కాగితాలు బల్లమీద పరిచారు.

“గంప చూస్తే మెరిసిపోతోంది. ఏడుకి ఏడూ బాగున్నాయి. అంటే లోపం పైన ఉందన్నమాట.”

ఉపగ్రహానికి తొమ్మిదేళ్ళు నిండాయి. ముసలిదైపోయింది, చెవి మందగించింది అని అందరూ జాలిపడ్డారు. పెద్దవాళ్ళ దగ్గర మనం గొంతు పెంచి మాట్లాడినట్టు, దానికి వినపడిందాన్నల్లా కాస్త పెంచి రాసుకోవాలని తీర్మానించారు. మా దేశంలో సంతకం కన్నా ఎవరి పేరు ముద్ర వాళ్ళు వేయడానికే విలువ. ఆ తీర్మానం కింద పధ్నాలుగు ముద్రలు పడ్డాయి. ఫ్యాక్సులు సరిచూసినందుకు అందులో ఒకటి నాది.

అలా పెంచాక ఏమైంది? తుప్పలు అడవులయ్యాయి. చెట్లు కొట్టేశాక మొద్దులూ కొమ్మలూ పడి ఉన్న నేలకి కూడా కాస్తో కూస్తో గొంతు ఉంటుంది కదా, అదీ అడవి అయిపోయింది. మ్యాపు తెరిస్తే కళ్ళు చల్లబడేంత పచ్చదనం. అకుత్సు గారు మోసగాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మూడుసార్లు లెక్క చేయించారు. మూడుసార్లూ అదే వచ్చింది. గంపే తప్పుగా ఉంటే ముప్పైసార్లు చేసినా అదే వస్తుంది. ఇన్నాళ్ళకి లోకానికి ఓ మంచి కబురు చెప్పే అదృష్టం మా కేంద్రానికి పట్టిందని మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కేకు అప్పుడే కోశారు. నేనూ రెండు ముక్కలు తిన్నాను.

ఇక లెజావ్ గారి సంగతి చెప్పాలి.

పెత్రుస్ లెజావ్ గారిది బోర్నియో దీవిలో కలిమంతాన్ వైపు, ఓ ఏటి ఒడ్డున ఊరు. కయాన్ తెగ మనిషి. వయసులో ఉన్నప్పుడు మూడేళ్ళు మా దేశంలో ప్లైవుడ్ మిల్లులో పనిచేసి వెళ్ళాడు. మా భాష అక్కడ మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాడు. మేస్త్రీలు అరిచేదే తప్ప మాట్లాడేది తక్కువ కదా, ఆయనకొచ్చిన భాష కూడా అరుపుల భాషే. పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ మాత్రం చదివాడట, అందులో ‘గారు’ ఉంది. ఇప్పుడు వాళ్ళ ఊరి అడవి కాపలా ఆయనదే. మా హెచ్చరిక ఫోనులో మోగగానే పడవేసుకుని వెళ్ళి, ఫోటోలు తీసి, ఫిర్యాదు పెట్టేవాడు. మా భాష వచ్చినవాడని ఆయన ఫోన్లన్నీ నా బల్లకే మళ్ళించేవారు. నాలుగేళ్ళుగా ఆయన చేత తిట్లు తింటున్నాను, నిజం చెప్పాలంటే ఆయన ఫోను రాకపోతే నాకు తోచదు.

నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను మోగింది.

“ఏయ్ ఎబిహారా గారూ! బతికే ఉన్నావా?”

“ఉన్నానండీ. మీరెలా ఉన్నారు?”

“నా సంగతి వదిలెయ్. మీ యంత్రం నిద్రపోతోందా? ఇరవై రోజులైంది నా ఫోను మోగి. రంపాలు మాత్రం పొద్దున లేస్తే మోగుతూనే ఉన్నాయి!”

మ్యాపు తెరిచి చూశాను. “మీ ఊరి వెనక కొండ పచ్చగానే ఉంది లెజావ్ గారూ.”

“పచ్చగానా? నీ మొహం! నేను మొద్దు మీద నిలబడి మాట్లాడుతున్నా. ఇదిగో విను.” కత్తి పెట్టి దేన్నో కొట్టిన చప్పుడు వినిపించింది. “విన్నావా? మా తాత పుట్టకముందు చెట్టు ఇది. కళ్ళు పెట్టుకుని చూడండి!”

అకుత్సు గారికి చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు.

“ఆయన ఒకచోట నిలబడి చూస్తున్నారు కదండీ. మనం పైనుంచి మొత్తం చూస్తున్నాం. కొండలో సగటు అంటూ ఒకటి ఉంటుంది.”

సగటు అనేసరికి నేను నోరు మూసుకున్నాను. మా కేంద్రంలో ఆ మాటకి ఎదురు లేదు.

డిసెంబరు మూడోవారంలో లెజావ్ గారు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి అరవలేదు. ఆయన అరవకపోవడం నాకు అదే మొదటిసారి, అందుకే భయం వేసింది.

“ఎబిహారా గారూ, జనవరి పధ్నాలుగున కోర్టు. నరకడం ఆపమని మేం వేశాం. కంపెనీ వాడు ఒక్క చెట్టు ముట్టుకోలేదంటున్నాడు. జడ్జిగారు ఎవరి మాటా నమ్మనన్నాడు. జపాన్ మ్యాపు తెండి, అది ఏది చెప్తే అదే అన్నాడు. మంచి జడ్జి. తిన్నగా ఉంటాడు. అందుకే భయంగా ఉంది.”

“కొండ ఎంత పోయింది?”

“సగం. ఆపితే మిగతా సగం ఉంటుంది. మా ఊరి నీళ్ళు ఆ కొండవే. నువ్వు నన్ను నమ్ముతున్నావా, మ్యాపుని నమ్ముతున్నావా?”

“మిమ్మల్నే” అన్నాను. ఇరవై రెండేళ్ళలో మ్యాపుకి ఎదురు మాట్లాడటం అదే మొదలు.

ఆ శనివారం పొద్దున్నే నా సొంత కారులో ఒసావా వెళ్ళాను. గంప ఎండలో పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. చామంతులు అప్పుడే మార్చినట్టున్నారు. ఎదురుగా నిలబడి చూశాను, ఏ లోపం లేదు. రేకులు తట్టి చూశాను. వంగి బోల్టులు చూశాను. బోల్టులకి కొత్త వాషర్లు, పైన గ్రీజు! కింద సిమెంటు కూడా కొత్తది. సంచీలోంచి దిక్సూచి తీశాను. మూడుసార్లు కొలిచాను. ఇరవై రెండేళ్ళ క్రితం నేను దగ్గరుండి బిగింపించిన దిక్కు నుంచి గంప ఇరవై ఏడు డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది.

నా కారు చూసినట్టున్నారు, నెగిషి గారు గబగబా గట్టు దిగి వచ్చారు. వెనకాలే కర్ర పొడుచుకుంటూ యోనె బామ్మ వచ్చింది. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు, ఆ వరిమడి ఆవిడదే. చేతిలో ముల్లంగి ఊరగాయ గిన్నె.

“నెగిషి గారూ, దీన్ని ఎవరైనా కదిపారా?”

నెగిషి గారు తల గోక్కున్నారు. “అబ్బే, కదపడమని కాదండీ. కాస్త సర్దామంతే.”

“సర్దడమంటే?”

“అదేనండీ, కాస్త పక్కకి. దారులు బాగుచేసుకునే రోజున మగవాళ్ళం నలుగురం చేతికి దొరికాం కదా అని. సిమెంటు కూడా మాదేనండీ, మీకు ఖర్చు పెట్టలేదు.”

“ఎందుకండీ!” నా గొంతు నాకే కీచుగా వినపడింది.

యోనె బామ్మ కర్రతో తూర్పున కొండవాలు చూపించింది. రాతి మెట్లు, వాటిపైన ఊరి సమాధులు. “నేనే తిప్పించానమ్మాయ్. మీ గంప నోరు అటు పెట్టుకుని, వీపు ఇటు పెట్టుకుని కూచుంది. మా వాళ్ళందరూ పైన ఉన్నారు. మా ఆయన పోయి ఏడేళ్ళు. అక్కణ్ణించి ఇటు చూస్తే ఆయనకి ఏం కనపడుతుంది చెప్పు? గంప ముడ్డి. పెద్దవాళ్ళకి అలా వీపు పెట్టి కూచోవచ్చా?”

“ఇరవై రెండేళ్ళు ఊరుకుని ఇప్పుడా బామ్మా?”

“అప్పుడది మీది. సర్కారు వస్తువు, మొహమాటపడ్డాం. ఇప్పుడు మీరు రావడం మానేసి మాకు అప్పజెప్పారుగా. అప్పజెప్పాక మర్యాదగా చూసుకోవద్దూ? సెప్టెంబరులో సమాధుల దగ్గరికి వెళ్ళే వారం వస్తోంది, ఆలోపే అయిపోవాలని నేనే తొందర పెట్టాను.” ఆవిడ గొంతు తగ్గించింది. “పూర్తిగా తిప్పలేదులే. మీ పైనున్న పెద్దాయనకీ కోపం రాకూడదుగా. ఇద్దరికీ మర్యాద దక్కేలా మధ్యస్తంగా పెట్టించాను.”

“మాటవరసకైనా ఒక ఫోను చెయ్యొచ్చు కదండీ!”

నెగిషి గారు సిగ్గుపడిపోయారు. “చేసింది చెప్పుకుంటే బాగోదు కదండీ. మీరేమో వెంటనే ఏదో ఒకటి పంపిస్తారు.”

“చెప్పకుండానే పంపించింది, చూడు” అంది యోనె బామ్మ. “బిస్కెట్లు బావున్నాయమ్మాయ్.”

ఎవరి మీద కోప్పడాలి నేను? గట్టు మీద కూలబడ్డాను. ఆవిడ ఊరగాయ ముక్క నా చేతిలో పెట్టింది, తిన్నాను. ఫోటో తీసేవాడు ఎప్పుడూ గంప నోటికి ఎదురుగా నిలబడి తీస్తాడు. గంపతోపాటు అతనూ పక్కకి జరిగాడు, అంతే. ఫోటోలో ఏం తెలుస్తుంది? తిట్టాలంటే ముందు ఆ ఫారం రాసినదాన్ని తిట్టాలి.

సంగతి చెప్పగానే నెగిషి గారు ఊళ్ళోకి పరుగెత్తారు. ముగ్గురు మగవాళ్ళని పిలుచుకొచ్చి, సిమెంటు పగలగొట్టి, నేను దిక్సూచి పట్టుకుని చెబుతుంటే గంపని మళ్ళీ యథాస్థానానికి తిప్పారు. మధ్యాహ్నానికి పనైపోయింది. గంప వీపు సమాధులకి కనపడకుండా యోనె బామ్మ వెనకాల ఓ వెదురు చాప కట్టించింది. ఈ పని మొదటే చేసి ఉంటే బాగుండేదని నేననలేదు. ఆవిడ అప్పటికే పదిసార్లు తలవంచి క్షమాపణ చెప్పింది.

సోమవారం పొద్దున అకుత్సు గారి ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

“మర్యాద కోసం తిప్పారా?” అన్నారు చివరికి.

“అవును సార్.”

“ప్రపంచంలో అడవి...”

“పెరగలేదు సార్.”

“మంత్రిగారు కొత్త సంవత్సరం ప్రసంగంలో...”

“పధ్నాలుగున కోర్టు ఉంది సార్. ఆలోపు మ్యాపు సరిచేసి పెడితే చాలు. గంప సరైపోయింది. లెక్క తిరగవేస్తే మీవాళ్ళకి రెండు రోజుల పని.”

“పని రెండు రోజులే ఎబిహారా గారూ. కానీ పధ్నాలుగు ముద్రలు పడ్డ కాగితాన్ని మార్చాలంటే మళ్ళీ పధ్నాలుగు ముద్రలు పడాలి కదండీ. సంవత్సరాంతం సెలవులు. ముగ్గురు విదేశాల్లో ఉన్నారు. అందులో ఇద్దరు, ఆ అడవి పెరిగిన సంగతి చెప్పడానికే వెళ్ళారు.” ఆయన నిజంగానే చెమటలు కక్కుతున్నారు. “పరిశీలిద్దాం.”

మా ఆఫీసులో ‘పరిశీలిద్దాం’ అంటే ఏమిటో మా కాఫీ మెషీనుకి కూడా తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. “చెట్లు కొట్టేవాడికి ఎన్ని ముద్రలు కావాలి సార్?” అని అడిగేశాను. వచ్చే మార్చిలో నా కాంట్రాక్టు కాగితం ఆయన ముందుకే వస్తుందని తెలిసీ అడిగాను.

ఆ సాయంత్రం కూర్చుని నేనే ఓ ఉత్తరం రాశాను. గౌరవనీయులైన న్యాయమూర్తి గారికి, మా మ్యాపు తప్పు, ఎందుకు తప్పంటే ఇలా ఒక ఊళ్ళో పెద్దలు తమ పూర్వీకుల మీది గౌరవంతో గంపని కాస్త పక్కకి తిప్పారు, ఆ కొండ మీద అడవి నరికేస్తున్న మాట నిజం, దయచేసి ఆపించండి. దిక్సూచి కొలతలు జతచేశాను. కింద సంతకం, నా ముద్ర. నేను కాపీ మెషీను దగ్గర ఉండగా అకుత్సు గారు అటు వచ్చారు. ఉత్తరం చూశారు. ఏదో మర్చిపోయినట్టు నుదురు కొట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన చేయగలిగిన సాయం అది, చేశారు.

జనవరి పధ్నాలుగున సాయంత్రం ఆరింటికి లెజావ్ గారి ఫోనొచ్చింది.

“పోయింది ఎబిహారా గారూ.”

“నా ఉత్తరం చూపించారా?”

“చూపించాం. కంపెనీ లాయరు అందరికీ వినపడేలా చదివాడు. ముసలమ్మ, సమాధులు, ముడ్డి, అన్నీ చదివాడు. కోర్టంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాను? వాళ్ళ దగ్గర మీ భాష చదివేవాడు ఒకడున్నాడు, చెక్క అమ్మేది మీ దేశానికే కదా. వాడు ముద్ర చూసి, ఇది ఆఫీసు ముద్ర కాదు, ఇంటికి పార్సెలొస్తే వేసే ముద్ర అని చెప్పాడు. నిజమేనా?”

“నిజమే” అన్నాను. నాకున్న ముద్ర అదొక్కటే.

“జడ్జిగారు నవ్వలేదు. మ్యాపు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. అడవి ఉంది, కాబట్టి నరకలేదు, కాబట్టి ఆపడానికేమీ లేదు అన్నాడు. ఇప్పుడు మిగతా సగం నరుకుతారు. మ్యాపులో ఉంటే నరకనట్టేనట, నువ్వే చెప్పు.”

ఏం చెప్పను? క్షమించమన్నాను. మా భాషలో క్షమించమనడానికి ఎన్ని రకాలున్నాయో అన్నీ వాడాను. మిల్లులో ఆయన అవేవీ విని ఉండడు. “సరే, సరే, పని చూసుకో” అని పెట్టేశాడు.

మార్చి ముప్పైన పధ్నాలుగో ముద్ర పడింది. ఏప్రిల్ ఒకటో తారీకు నుంచి మ్యాపు సరైంది. అంతకుముందు నెలల మ్యాపులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంచేశారు. పేపర్లో పన్నెండో పేజీలో, వాతావరణం పక్కన నాలుగు వాక్యాలు వేశారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. నా కాంట్రాక్టు కూడా పొడిగించారు. అకుత్సు గారు ఫారంలో ఎనిమిదో ప్రశ్న చేర్పించి, ‘లోపం గుర్తించినందుకు’ అని నాకో ప్రశంసాపత్రం ఇచ్చారు. దానిమీద మాత్రం ఆఫీసు ముద్ర ఉంది. ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో బట్టల కింద పడేశాను.

మ్యాపులో లెజావ్ గారి కొండ మొత్తం పసుపైంది. ఇక ఈసారి పైకోర్టుకి వెళ్ళినా మ్యాపు ఆయన పక్షానే ఉంటుందని నన్ను నేను ఓదార్చుకున్నాను. కొత్త మ్యాపు ఆఫీసు పేరుతోనే, సవరణ పత్రంతో సహా ఆయనకి పంపించాను. జవాబు రాలేదు.

మే నెలలో ఫోనొచ్చింది.

“ఏయ్ ఎబిహారా గారూ. బతికే ఉన్నావా?”

ఆ గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది. “ఉన్నానండీ! మ్యాపు అందిందా? ఇప్పుడు సరిచేశాం, చూశారా?”

“చూశాను. కంపెనీ వాడు నాకంటే ముందే చూశాడు. ఆ మ్యాపే పట్టుకెళ్ళి సర్కారులో అర్జీ పెట్టాడు. ఇక్కడ అడవి లేదు, బోడి నేల, ఊరికే పడి ఉంది, పామాయిల్ తోట వేసుకుంటాం అని. అడవైతే ఇవ్వరు. అడవి కాదుగా, ఇచ్చేశారు. పోయిన వారం సంతకాలయ్యాయి.”

“అది మొన్నటిదాకా అడవే కదండీ! వాళ్ళే కదా నరికింది!”

“మేమూ అదే అన్నాం. నరికినప్పటి మ్యాపు చూపించమన్నారు. నరికినప్పటి మ్యాపులో అడవి పచ్చగా ఉంది. నరకనే లేదు. ఇప్పటి మ్యాపులో అడవే లేదు. తప్పు నీది కాదులే. ఇప్పుడు మీ మ్యాపు కరెక్టు. నేను కొండెక్కి చూసొచ్చాను, మీరు వేసినట్టే ఉంది, గీతకి గీత.”

చుట్టూ డాక్టరేట్లు ఉన్నవాళ్ళు టకటకా కీబోర్డులు కొట్టుకుంటున్నారు. అకుత్సు గారు తన బల్ల దగ్గర్నుంచి నా మొహమే చూస్తున్నారు.

“వింటున్నావా? ఒక పని చేసి పెట్టండి” అన్నాడు లెజావ్ గారు. ఒకే గుక్కలో నువ్వూ మీరూ కలిపేస్తాడు, ఎప్పుడూ అంతే. “పోయిన ఏడాది ఆగస్టు మ్యాపు ఉంటుందా మీ దగ్గర? గంప తిప్పకముందుది.”

“ఉంది. మళ్ళీ కోర్టుకా?”

“కోర్టుకి కాదు, ఇంట్లో గోడకి. మా చిన్నదానికి రెండో ఏడు. కొండ ఇలా ఉండేదిరా అని చెప్తే నాకు రేపు నోటి మాట తప్ప ఏముంటుంది? నోటి మాట ఎవరు నమ్ముతారో చూశాంగా. అందుకే మీ మ్యాపు.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆఫీసులో, పదకొండు మంది ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన అవతల ఓపిగ్గా ఆగాడు. ముక్కు తుడుచుకుని, కాగితం పెన్ను దగ్గరికి లాక్కుని, గోడ ఎంతుంటుంది, ఏ సైజు కావాలి అని అడిగాను.